అడగడం నేర్పేదెవరు?

సంపాదక మహాశయా,

ఏప్రిల్ 2 ఆటిజం దినం సభ వార్త మీ జిల్లా పేజీలో చదివి పది రోజులైంది. ఊరుకుందామనే చూశాను, నా వల్ల కాలేదు. కేకు కోశారు, శాలువాలు కప్పుకున్నారు, బాగానే ఉంది. "ఈ పిల్లలకు అడగకముందే అన్నీ అమర్చిపెట్టాలి" అని వేదిక మీది పెద్దాయన సెలవివ్వడం చూసే ఒళ్లు మండింది.

అలా అమర్చిపెట్టబట్టే కదండీ, మా మనవడికి ఏడేళ్లొచ్చినా అడగడం రాలేదు! గోడకు తల కొట్టుకుంటుంటే నీళ్లా, అన్నమా, ఫోనా అని ఒక్కోటీ చూపిస్తూ ఇల్లంతా పరుగులు పెట్టేవాళ్లం.

చివరికి ఒక స్పీచ్ థెరపిస్టు బొమ్మల కార్డుల పద్ధతి నేర్పారు. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టిన పద్ధతి. సకినాల ఫొటోతో కార్డు చేశాం. సకినం పట్టుకొని కోడలు ఎదురుగా, వాడి వెనక నేను. "ఏం కావాలి బిడ్డా" అని ఇద్దరమూ అడగకూడదు. వాడు సకినానికి చెయ్యి చాపగానే ఆ చేత్తోనే కార్డు తీయించి తల్లి చేతిలో పెట్టించాలి. ఆమె వెంటనే "సకినం" అని చిన్న ముక్క ఇవ్వాలి. మొత్తం ఇచ్చేస్తే మళ్లీ అడగడు. బడిలో ముప్పయ్యేళ్లు పిల్లల్ని నోర్మూసుకోమన్నవాణ్ని, నేను మూసుకోవడానికి వారం పట్టింది.

మా దగ్గర ఈ పిల్లల కోసం ఒక కేంద్రం ఉంది, పేరెందుకు లెండి. వారానికో పూట కాళ్లూ చేతులూ ఆడించి పంపుతారు. కార్డుల సంగతి ఎత్తితే "అవి అలవాటైతే మాటలు రావు సార్" అన్నారు. కార్డులు మాటకు అడ్డం కావని పరిశోధనలు చెప్పి ఎన్నేళ్లయిందో! 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ మాటకు తోడుగా ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులను ప్రోత్సహించాలనే చెబుతోంది. చదివిన అధికారి ఒక్కరైనా ఉన్నారా? 2021లో మా వరంగల్ జిల్లాల పేర్లు మార్చి బోర్డులన్నీ కొత్తగా రాయించారు. ఆ ఉత్సాహంలో పావు వంతు చూపించినా మండలానికో స్పీచ్ థెరపిస్టు వచ్చేవారు. తల్లిదండ్రులకు రెండ్రోజులు శిక్షణ ఇవ్వడానికి కేకు ఖర్చు చాలదా?

మావాడి దగ్గర ఇప్పుడు పద్నాలుగు కార్డులున్నాయి. మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి గంటన్నరైనా రాలేదు. వాడు ఏడవలేదు. లేచి వెళ్లి ఫ్యాను బొమ్మ తెచ్చి నా చేతిలో పెట్టి నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. దానికి ఏం ఇవ్వాలో ఆ థెరపిస్టు నాకు చెప్పలేదు.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, కాజీపేట