డైరెక్టర్ సంతకం చెల్లుతుంది, వాదన చెల్లదు

సంపాదకుల వారికి,

ఆటోనగర్‌లో సొంత పేరుతో లేత్ షెడ్డు నడుపుకునే వ్యక్తి తన మీద దావా పడితే కోర్టులో తన మాట తానే చెప్పుకోవచ్చు. అదే షెడ్డు ప్రైవేట్ లిమిటెడ్ అయిన మర్నాటి నుంచి ఆ హక్కు ఉండదు. యంత్రాలు అవే, మనిషీ అతనే. కానీ చట్టం లెక్కలో ప్రతివాది కంపెనీ, ఆయన కాదు. ఈ తేడా తెలియక చిన్న కంపెనీలు ఎక్స్‌పార్టీ డిక్రీల (ప్రతివాది తరఫు వినకుండానే వచ్చే తీర్పుల) పాలవడం బాధాకరం.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 29వ ఆర్డర్ ప్రకారం కంపెనీ సెక్రటరీ గానీ, డైరెక్టర్ గానీ, సంగతులు తెలిసిన ప్రధాన అధికారి గానీ రిటెన్ స్టేట్‌మెంట్ (దావాకు ప్రతివాది ఇచ్చే రాతపూర్వక జవాబు) మీద సంతకం పెట్టవచ్చు. సాక్ష్యమూ చెప్పవచ్చు. చిక్కంతా వాదన దగ్గరే. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ఆ పనిని న్యాయవాదులకే అప్పగించింది. 32వ సెక్షన్ కింద ఫలానా కేసు వరకు వేరొకరిని జడ్జి అనుమతించవచ్చు, అయితే అది పిటిషన్ వేసి అడగవలసినది. ముందస్తు అనుమతి లేకుండా బయటి వ్యక్తి ఇంకొకరి తరఫున వాదించలేడని 1978లో హరిశంకర్ రస్తోగీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఎక్కువ నష్టం గడువుల్లో జరుగుతుంది. 3 లక్షల రూపాయలు, అంతకు మించిన వ్యాపార తగాదా వాణిజ్య కోర్టుకు వెళుతుంది. అక్కడ రిటెన్ స్టేట్‌మెంట్‌కు 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే మొత్తం 120 రోజులు. ఆపైన ఒక్క రోజు దాటినా తీసుకోరు. ఈ లెక్క సమన్లు అందిన రోజు నుంచి మొదలవుతుంది, వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే పత్రం) వేసిన రోజు నుంచి కాదు. డైరెక్టరే స్వయంగా వెళ్లి, లాయర్ని పెట్టుకుంటానని రెండు మూడు వాయిదాలు అడిగేసరికి సగం గడువు కరిగిపోతుంది.

సమన్లు చేరేది రిజిస్టర్డ్ ఆఫీసుకు. ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె గదో, ఆడిటర్ గారి చిరునామాయో రికార్డులో మిగిలిపోతే కవరు అక్కడికే పోతుంది. చిరునామా మారిన 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలపాలన్న నిబంధనను దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు కోరడానికి మామూలుగా ఉండేదీ 30 రోజులే.

కాగితాల్లో తరచూ కనిపించే లోపం డైరెక్టర్ల బోర్డు తీర్మానం లేకపోవడం. అకౌంటెంట్ రబ్బరు స్టాంపు వేసి వకాలత్ మీద సంతకం పెడితే, ఆయనకు అధికారం ఎవరిచ్చారని అవతలి పక్షం అడుగుతుంది. తీర్మానంలో కేసు ఏదో, అధికారం పొందినది ఎవరో, వకాలత్ ఇవ్వడం, ప్లీడింగ్స్ (కోర్టుకిచ్చే దావా, జవాబు పత్రాలు) నిజమని ధ్రువీకరించడం, సాక్ష్యం చెప్పడం, రాజీ పడటం దాకా విడివిడిగా రాయాలి. ఇలాంటి లోపాన్ని తర్వాత ఆమోదించి సరిదిద్దుకోవచ్చని 1996లో యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు అన్నా, ఆ వాదనకే వాయిదాలు ఖర్చవుతాయి.

అన్నిచోట్లా లాయరే ఉండాలని లేదు. కంపెనీ లా ట్రిబ్యునల్లో చార్టర్డ్ అకౌంటెంట్ గానీ కంపెనీ సెక్రటరీ గానీ హాజరు కావచ్చు. వినియోగదారుల కమిషన్ ముందు ఏజెంటు చాలు. వాణిజ్య దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో జరిగే మధ్యవర్తిత్వానికి డైరెక్టర్ స్వయంగా రావచ్చు. చిన్న కంపెనీకి తన గోడు తానే చెప్పుకునే చవకైన చోటు అదే, దాన్ని వదులుకోవద్దు.

ఉచిత న్యాయ సహాయానికి అర్హుల జాబితాలో కంపెనీలు లేవు. కనుక విశాఖ వాణిజ్య కోర్టు సమన్లతో పాటు గడువు, తీర్మానం, వకాలత్ సంగతులు చెప్పే ఒక పేజీ తెలుగు కాగితం జతచేయాలని, జిల్లా పరిశ్రమల కేంద్రం కూడా దాన్ని పంచాలని కోరుతున్నాం. ఒకే వ్యక్తి నడిపే కంపెనీ 32వ సెక్షన్ పిటిషన్ వేస్తే మొదటి వాయిదాలోనే తేల్చాలని గౌరవ న్యాయమూర్తులకు మా మనవి.

– కంపెనీ చట్ట సలహాదారులు, విశాఖపట్నం