అద్దె ఇంటి అడ్వాన్సుకు ఒక హద్దు కావాలి: మంత్రి గారికి ఒక విద్యార్థిని బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ, గృహనిర్మాణ శాఖల మంత్రి గారికి,

నమస్కారములు.

నేను మహబూబాబాద్ జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాలకు వసతిగృహం లేదు. అందుచేత వేర్వేరు జిల్లాల నుంచి వచ్చిన నలుగురు ఆడపిల్లలం కలిసి నల్లకుంటలో రెండు గదుల పోర్షన్ ఒకటి అద్దెకు తీసుకుని రెండేళ్లు ఉన్నాం. ఓనరు గారు అద్దె ఒకేసారి మూడు వేలు పెంచుతాననడంతో మొన్న మే నెలాఖరున ఖాళీ చేసి, ఇప్పుడు విద్యానగర్, రామ్‌నగర్, బాగ్ అంబర్‌పేట గల్లీల్లో టూలెట్ బోర్డులు చూసుకుంటూ మళ్లీ తిరుగుతున్నాం.

ఖాళీ చేసిన రోజు జరిగింది ముందు మీకు చెప్పాలి. సామాను ఆటో ట్రాలీలో ఎక్కించాక ఓనరు గారు వరండాలో కుర్చీ వేసుకుని, పాల లెక్క రాసుకునే పొడుగు పుస్తకంలో చివరి పేజీ తీశారు. మా అద్దె నెలకు 12,000 రూపాయలు; చేరేటప్పుడు మూడు నెలల అడ్వాన్సు కింద 36,000 కట్టాం. అందులో గోడలకు రంగులు వేయించడానికి ఒక నెల అద్దె 12,000, గీజరు మరమ్మతుకు 3,200, వంటగది సింకు కింద పైపుకు 1,800, ముందస్తు నోటీసు ఇవ్వనందుకు మరో 12,000 తీసివేసి, మిగిలిన 7,000 మా చేతిలో పెట్టారు. ఏప్రిల్ మొదటి వారంలోనే మెట్ల మీద ఆయనతో చెప్పామని గుర్తుచేస్తే, "కాగితం మీద రాసిచ్చారా అమ్మా?" అని అడిగారు. రాసివ్వలేదు. అడ్వాన్సు కట్టినప్పుడు ఆయనా మాకు రసీదు రాసివ్వలేదు. నలుగురికీ తలా 1,750 వచ్చింది. నా వాటాగా కట్టిన 9,000 మా అమ్మ డ్వాక్రా సంఘంలో తీసిన అప్పు. దాని కిస్తీలు ఇంకా తీరలేదు.

ఆయన దుర్మార్గుడని నేను అనడం లేదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా నీళ్లు ఆపలేదు, మా గ్యాస్ సిలిండర్ అయిపోయినప్పుడు వాళ్ల ఇంట్లో అన్నం వండుకోనిచ్చారు. ఇబ్బంది ఎక్కడుందంటే, ఆ పొడుగు పుస్తకంలో రాసిన లెక్కను సరిచూసే మూడో మనిషి మాకూ ఆయనకూ మధ్య ఎవరూ లేరు. ఉన్న చట్టం మా గడప దాకా రాదు.

అద్దె వివాదాలకు మన రాష్ట్రంలో ఇప్పటికీ ఆధారం 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టమే. 2005లో దానికి చేసిన సవరణ ప్రకారం మునిసిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే ఆ ఇంటికి ఈ చట్టం వర్తించదు. ఇరవై ఏళ్ల కింద ఆ మొత్తానికి ఈ నగరంలో ఇల్లు వచ్చి ఉండవచ్చు. ఈ నెల మేము తిరిగిన గల్లీల్లో మేడ మీద రేకుల గదికి కూడా అంతకన్నా ఎక్కువే అడిగారు. చట్టం రద్దు కాలేదు, అలాగని దాని కింద మాబోటి వాళ్లకు చోటూ లేదు. ఇక మిగిలింది సివిల్ కోర్టు. పన్నెండు వేల రూపాయల రంగుల లెక్క కోసం పరీక్షలు మానుకుని వాయిదాలకు తిరగడం ఏ విద్యార్థికి సాధ్యమో మీరే ఆలోచించండి.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి, ఆ తీరులో సొంత చట్టం చేసుకోమని రాష్ట్రాలకు పంపింది. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని అందులో ఉంది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, దాన్ని రెండు నెలల్లోగా అద్దె అధికారికి తెలియజేయాలి. ఆ అధికారి డిప్యూటీ కలెక్టర్ స్థాయికి తగ్గకూడదు. ఈ లేఖ మీకే రాయడానికి కారణం అదే: ఇల్లు ఒక శాఖది, డిప్యూటీ కలెక్టర్ ఇంకో శాఖ, రెండూ మీ దగ్గరే ఉన్నాయి. ఆ చట్టం రెండో అనుబంధంలో ఏ మరమ్మతు ఎవరిదో కూడా రాసిపెట్టారు. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, పైపుల మార్పిడి యజమాని బాధ్యత. గీజరు మరమ్మతు అద్దెకున్నవారిది. ఆ లెక్కన మా గీజరు 3,200 న్యాయంగా మేము పెట్టుకోవాల్సిన ఖర్చే, దాని మీద నాకు పేచీ లేదు. రంగుల 12,000, పైపు 1,800 మాత్రం మాకు తిరిగి రావాల్సినవి. పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది.

ఇటువంటి చట్టం ఇళ్ల యజమానులకు నష్టమని ఎవరైనా మీతో అంటే, గడువు తీరినా ఖాళీ చేయని వారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు అద్దె కట్టాలన్న నిబంధన కూడా అందులోనే ఉందని దయచేసి చెప్పండి. మా వీధిలో సగం మంది ఓనర్లు పింఛనుకు తోడు ఆ పోర్షన్ అద్దె మీదే బతికే పెద్దవాళ్లు. కుర్రకారు ఖాళీ చేయకుండా మొండికేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకే వారు "ఫ్యామిలీస్‌కు మాత్రమే" అని బోర్డు పెడుతున్నారని నా అనుమానం.

అందరి విషయంలో కారణం అదేనని చెప్పలేను. రామ్‌నగర్‌లో ఒక ఇంటావిడ మొదట నా ఇంటిపేరు అడిగారు, తర్వాత ఊరి పేరు, ఆ తర్వాత ఊళ్లో మా ఇల్లు ఏ వైపున ఉంటుందని అడిగారు. గది అప్పటిదాకా ఖాళీగానే ఉంది. నా జవాబు విన్నాక వాళ్ల మరిది కొడుకు వస్తున్నాడని గుర్తొచ్చింది. కులం, మతం అడిగి ఇల్లు నిరాకరించడం చెల్లదని ఒక్క వాక్యం మన రాష్ట్ర చట్టంలో చేర్చాలని కోరుతున్నాను. నమూనా చట్టంలో అది లేదు.

కలిసి ఉండే విద్యార్థుల సంగతి మరొకటి ఉంది. అందరూ పదకొండు నెలలకే ఒప్పందం రాయించుకుంటారు, అదీ ఒక్కరి పేరు మీదే. మా ఒప్పందం నా పేరు మీద ఉండేది. రెండో ఏడు మా నలుగురిలో ఒకమ్మాయికి డిసెంబరులో పెళ్లి కుదిరి వెళ్లిపోతే, ఆమె వాటా 3,000 మిగిలిన ముగ్గురం రెండు నెలలు పంచుకుని కట్టాం. ఫిబ్రవరిలో కొత్త అమ్మాయిని తెచ్చుకుంటే ఆమె పేరు ఏ కాగితం మీదా ఎక్కలేదు. తెల్లారి ఆమెను వెళ్లిపొమ్మన్నా ఆమె అక్కడ ఉందని చూపే ఆధారం లేదు. ఒప్పందంలో ఉండేవారందరి పేర్లూ, ఎవరి అడ్వాన్సు ఎంతో రాసేలా, మధ్యలో ఒకరు మారితే అద్దె అధికారి దగ్గర ఆ ఒక్క పేరు మార్చుకునేలా ఒక నమూనా పత్రం తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో తయారు చేయించి మీసేవా కేంద్రాల్లో ఉంచగలరా? చట్టం రావడానికి సమయం పడితే పట్టనివ్వండి, కనీసం ఈ పత్రానికి శాసనసభ దాకా వెళ్లనక్కర్లేదనుకుంటాను.

నిన్న బాగ్ అంబర్‌పేటలో ఒక పోర్షన్ చూశాం. అద్దె 13,000, అడ్వాన్సు మళ్లీ మూడు నెలలు, బ్రోకరుకు ఒక నెల అద్దె. అడ్వాన్సుకు రసీదు రాసివ్వమని అడిగితే, "నమ్మకం లేకపోతే వేరే ఇల్లు చూసుకోండి" అన్నారు. సోమవారం దాకా గడువు అడిగి వచ్చాం.

భవదీయురాలు,
బీఎస్సీ చివరి సంవత్సరం విద్యార్థిని,
హైదరాబాద్