వదినగారితో ఇటలీ వెళుతున్నావు కదా

గుంటూరు

చి.ల.సౌ. స్వాతికి,

అమ్మ దీవించి రాయునది.

నిన్న ఫోనులో టికెట్లు, వీసా, హోటళ్లు అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పావు గానీ, అక్కడ వదినగారు, అదే మీ అత్తగారు, ఏం తింటారో ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం. రెండేళ్ల క్రితం నాన్నగారూ నేనూ అక్కడ తిరిగినప్పుడు తెలిసివచ్చినవి రాస్తున్నాను. ఫోనులో చెబితే ‘సరే సరే’ అంటావు, కాగితమైతే సంచిలో పెట్టుకుంటావు.

ముందు సామాను సంగతి. మీ అత్తగారు నెయ్యి సీసా సర్దుతానంటారు. వద్దని ఇప్పుడే చెప్పు. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటినుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకువెళ్లనివ్వరు. నెయ్యి, పాలకోవా ఆ లెక్కలోకే వస్తాయి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరవు. కందిపొడికి, ఆవకాయకు ఆ బాధ లేదు. ఆవకాయ నేనే పంపుతాను, నూనె కారకుండా మూడు కవర్లు చుట్టి.

పిజ్జాలు, పాస్తాల దేశంలో శాకాహారికి ఇబ్బందేమిటి అనుకుని వెళ్లాను. పార్మిజాన్ లాంటి పేరున్న చీజులను దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో పాలు విరగ్గొట్టి చేస్తారని నాకు ఆరో రోజున తెలిసింది. ‘తినేశాం కదా, ఇక ఏం చేస్తాం’ అని నాన్నగారు నవ్వేశారు. వదినగారు నవ్వరు. ఆవిడకు పిజ్జా మరినారా అడగండి. పేరులో సముద్రం ఉన్నా అందులో చేప ఉండదు, చీజూ ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఓరెగానో ఆకు, ఆలివ్ నూనె, అంతే. ‘స్పగెట్టి ఆలియో ఎ ఓలియో’ అని ఇంకొకటి ఉంది. నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి కలుపుతారు. అచ్చం మన పోపు వాసనే. పైన చీజ్ చల్లవద్దని మాత్రం ముందే చెప్పాలి. అప్పటికప్పుడు చేసిన తాజా పాస్తాలో తరచు గుడ్డు కలుపుతారు కాబట్టి అదీ అడుగు. ‘సెన్జా కార్నె, సెన్జా పేషె’ అంటే మాంసం లేకుండా, చేప లేకుండా అని. ‘పెపెరోని’ అని కనిపిస్తే కంగారుపడకు, అక్కడ అది కాప్సికం. అసలు చిక్కు వేళలతోనే. చాలా హోటళ్లలో రాత్రి భోజనం ఏడున్నరకు గానీ మొదలుపెట్టరు. ఆవిడకు ఏడింటికల్లా కంచం ముందుండాలి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఇంత అన్నం వండుకోవచ్చు, అల్లుడుగారికీ ఆకలి తీరుతుంది.

పొద్దున్నే పాలు కావాలంటే ‘లాత్తె కాల్దో’ అనాలి. కాల్దో అంటే వేడి. ఇంగ్లీషు కోల్డ్ అనుకునేవు! కొళాయి మీద ‘సి’ ఉంటే వేడినీళ్లు, ‘ఎఫ్’ ఉంటే చన్నీళ్లు. మొదటిరోజు నేను పెట్టిన కేకకు నాన్నగారు సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చారు. స్నానాల గదిలో తాడొకటి వేలాడుతూ ఉంటుంది. తువ్వాలు ఆరేసుకునే తీగ కాదది, పడిపోతే లాగి సాయం కోసం పిలిచేది. ఆవిడకు మొదటే చూపించు. ఇంకో మాట, వదినగారు బయటకు అడగలేరు గానీ మనసులో బెంగగానే ఉంటుంది. ఇటలీలో కాగితంతో సరిపెట్టుకోనక్కర్లేదు. పక్కనే కడుక్కోవడానికి బిడే అనే తొట్టి ఉంటుంది. ప్రతి ఇంటిలోనూ అది ఉండాలని 1975లో ప్రభుత్వ ఉత్తర్వే ఇచ్చారు. నాకు ఆ దేశం మీద గౌరవం కలిగింది కొలోసియం చూసి కాదు, ఇది చూసి.

కొలోసియం టికెట్లు మనిషి పేరుమీద ఇస్తారు, గుర్తింపు కూడా చూస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉంటే అలాగే రాయించండి. వదినగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పుట్టింటిదో అత్తింటిదో ఒకసారి తీసి చూడు.

ప్రాంతీయ రైళ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న మిషనులో ముద్ర వేయించుకోవాలి. ఫ్లోరెన్స్ నుంచి పిసాకు వెళుతూ అది తెలియక జరిమానా కట్టాం. టికెట్ చేతిలో ఉన్నా దొంగల్లా నిలబడ్డాం. నాన్నగారు ఆ రసీదును ఇప్పటికీ దాచి ఉంచారు, ఎందుకో ఆయనకే తెలియాలి.

సెయింట్ పీటర్స్ చర్చిలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీరకు ఇబ్బంది లేదు, పైట నిండుగా కప్పుకుంటే చాలు. జీన్సుల్లోకి చేతుల్లేని జాకెట్టు వేసుకునే నువ్వే చూసుకో. గోపురం పైకి 551 మెట్లు. లిఫ్టు ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి. ఆవిడను కింద కూర్చోబెట్టి మీరిద్దరూ వెళ్లిరండి. రోము వీధుల్లో రాళ్లు పరిచి ఉంటాయి, చెప్పులు కాదు, బూట్లు కొనిపెట్టు. నీళ్ల సీసాకు డబ్బు పోయకండి. వీధుల్లో 1874 నుంచి ‘నాసోని’ అనే కొళాయిలున్నాయి, మంచినీళ్లే. చివర వేలితో మూస్తే పైనున్న చిల్లులోంచి ధార చిమ్ముతుంది, ఎంగిలి లేకుండా తాగవచ్చు. ఇది చూసి ఆవిడ చాలా సంతోషిస్తారు.

బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు, ఆవిడ బి.పి. మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టు. అత్యవసరానికి 112. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ దూరదు, మేము కొన్న అడాప్టరు ఆవకాయ డబ్బా పక్కనే పెట్టాను. వచ్చాక తిరిగి ఇవ్వు, నాన్నగారు లెక్క అడుగుతారు.

అమ్మ