‘అన్ని బళ్లూ ఇంతే’ అంటే ఎలా సార్?

వాహన భద్రతా విభాగం అధికారి గారికి,

కొత్త ఫ్యామిలీ ఎస్‌యూవీలు కొన్నవాళ్ల గోడు మీ దాకా వస్తోందో, కస్టమర్ కేర్ దగ్గరే ఆగిపోతోందో తెలియక ఇలా అందరి ముందూ రాస్తున్నాను. రివర్స్ గేర్ వేయగానే స్క్రీన్ నల్లబడిపోతుంది. ఇంజన్ ఆపి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే కెమెరా వస్తుంది. సర్వీస్ సెంటర్‌లో మాత్రం బుద్ధిగా పనిచేస్తుంది! జాబ్ కార్డు మీద ‘లోపం కనబడలేదు’ అని రాసి, ‘అన్ని బళ్లూ ఇంతే’ అని పంపేస్తారు.

బ్యాటరీ సంగతి ఇంకా దారుణం. బండి లాక్ చేశాక లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి, అప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగే కరెంటు మామూలుగా 50 మిల్లీఆంపియర్ల లోపే ఉంటుంది, కానీ ఆ కంప్యూటర్లలో ఏదో ఒకటి మేలుకునే ఉంటే బండి పొద్దున స్టార్ట్ కాదు. మీటర్ పెట్టి, ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి చూస్తే దొంగ దొరుకుతుంది. అంత ఓపిక ఎవరికుంది? బ్యాటరీ మార్చేసి చేతులు దులుపుకుంటారు, కొన్నాళ్లకి కొత్తదీ చస్తుంది.

సన్‌రూఫ్ డ్రెయిన్ పైపు పూడి నీళ్లు కారడం లాంటివి ఎలాగోలా భరిస్తాం లెండి. ఎదురుగా ఏమీ లేకున్నా బండి తనంతట తానే బ్రేక్ వేసుకుంటే, వెనకొచ్చేవాడు గుద్దడా? దీనికి కొన్నిచోట్ల రీకాల్ (అలాంటి బళ్లన్నిటినీ వెనక్కి పిలిచి బాగుచేయడం) ఊసెత్తకుండా, సర్వీసుకి వచ్చినవాళ్లకే గుట్టుగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఎక్కిస్తున్నారు. రానివాళ్ల గతేంటి?

ఒకే మోడల్ మీద ఒకే ఫిర్యాదు పదేపదే వస్తే మీరే విచారణ మొదలుపెట్టండి. సర్వీస్ సెంటర్లకి కంపెనీలు పంపే టెక్నికల్ సర్క్యులర్లు ఓనర్లకీ కనిపించేలా చేయించండి.

ఇట్లు,
ఒక ఎస్‌యూవీ ఓనరు