మన సంఘం వార్షిక నివేదిక: గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎవరికి శాలువాలు కప్పాం అనే వరసలో మొదలవుతుంది. ఈసారి గది సంగతితో మొదలుపెడతాను. శ్రావణ మాసంలో ఒకరోజు ఆఫీసు వెనక చిన్నగది తాళం తీస్తే తలుపు సగమే తెరుచుకుంది. లోపల ఏదో అడ్డం పడింది. చెయ్యి దూర్చి తడిమితే సైకిలు హ్యాండిలు. దాని వెనక కాళ్లు విరిగిన కుర్చీలు, మూతలు లేని మిక్సీ గిన్నెలు, గోనెసంచి నిండా పాత వైర్లు, అన్నిటి మీదా ఎలక పెట్టిన సంసారం.

"పాత సామాన్లు పారేయకండి, మాకివ్వండి, బాగుచేసి వాడుకుందాం" అని ఒడిశాలోని మన పర్లాకిమిడి వీధుల్లో మనమే చెప్పుకొచ్చాం. తిత్లీ తుపాను (2018 అక్టోబరు) తర్వాత ఎగిరిపోయిన రేకులు ఏరుకుని, మేకుల చిల్లులు పూడ్చి మళ్లీ కప్పుకున్న ఊరు మనది. ఆ అలవాటు పోకూడదని మొదలుపెట్టిన పని ఇది. జనం ఇచ్చారు. ఇచ్చిందల్లా పుచ్చుకున్నాం. బాగుచేసింది తక్కువ. మీ ఇంటి చెత్తని మా గదిలోకి మార్చడం పొదుపు కాదని కార్యవర్గంలో నేనే అన్నాను, కార్యదర్శిగా తప్పు కూడా నాదే.

అప్పటినుంచి పద్ధతి మారింది. ఎవరైనా వస్తువు తెస్తే, దీన్ని బాగుచేసేది ఎవరు, వాడుకునేది ఎవరు అని అడుగుతున్నాం. రెండిటికీ జవాబు ఉంటేనే లోపలికి. నెల దాటినా కదలకపోతే "భంగా లుహా" (ఒడియాలో విరిగిన ఇనుము) అని అరుచుకుంటూ వచ్చే కబాడీ బండికి వెళ్తుంది. కొందరు నొచ్చుకున్నారు. "ఏటి బాబూ, ఉచితంగా ఇస్తే వద్దంటారా" అని ఒక పెద్దాయన నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదోరోజు ఆయనే వచ్చి మెట్ల మీద కూర్చుని తను తెచ్చిన టేబులు ఫ్యాను తనే విప్పాడు.

ఆదివారం మరమ్మతులు అలా గాడిన పడ్డాయి. కరెంటు పని తెలిసిన మన సభ్యులిద్దరు ఉదయం పూట కూర్చుంటున్నారు. ఎక్కువగా వచ్చేవి సీలింగు ఫ్యాన్లు. "తిరగడం లేదు, కొత్తది కొనేద్దామా" అని తెస్తారు. చాలాసార్లు పోయేది పైన డబ్బాలో ఉండే చిన్న కెపాసిటరే. చేత్తో తోస్తే తిరిగి, వదిలేస్తే ఈడుస్తోందంటే అనుమానం దాని మీదే. మామూలుగా 2.5 మైక్రోఫారడ్ అని దాని మీదే రాసుంటుంది. అదే అంకె ఉన్నది తెచ్చి వేస్తే ఫ్యాను లేచి కూర్చుంటుంది. మెయిను ఆపకుండా మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకండి. మిక్సీల్లో అరిగేది కార్బన్ బ్రష్షులు, పళ్లూడేది గిన్నె కింది కప్లరు. రెండూ బజార్లో దొరుకుతాయి.

కుక్కర్ల దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక కుక్కరు వచ్చింది, సేఫ్టీ వాల్వు ఉండాల్సిన చిల్లులో ఎంసీల్ (గట్టిపడే అతుకు ముద్ద) పెట్టి నున్నగా మూసేశారు. ఆ ఇంటివాళ్లు ఎన్నాళ్లు వండుకున్నారో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. వేడి హద్దు దాటితే కరిగి ఆవిరిని బయటికి వదిలేయడానికే ఆ వాల్వు ఉంది. అది మూస్తే కుక్కరు బాంబే. రబ్బరు, వాల్వు ఆ కుక్కరుకి సరిపోయే కొత్తవే వేయాలి. అక్కడ పొదుపు లేదు.

ఈ ఏడు నాకు బాగా నచ్చిన రోజు గిన్నెలకి కళాయి (లోపలి తగరం పూత) పెట్టించిన రోజు. మన వాళ్లిళ్లల్లో ఇత్తడి గిన్నెలు, గంగాళాలు అటకల మీద నల్లబడి ఉన్నాయి. కొందరు తూకానికి అమ్మేశారు కూడా. కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగుతుంది కాబట్టి వాడలేక మూలన పడేశారు. ఏరు దాటి పాతపట్నం నుంచి ఒక కళాయి ఆయన్ని పిలిపించాం. పాత సామాన్లకి మనిషి పాతపట్నం నుంచే రావాలా అని కోశాధికారి గారు చమత్కరించారు. ఆయన పెరట్లో చిన్న గొయ్యి తీసి, బొగ్గులు పోసి, తిత్తి అమర్చాడు. గిన్నెను ఇసకతో, చింతపండుతో తోమి నిప్పుల మీద తిప్పుతూ వేడెక్కాక నవాసాగరం పొడి చల్లాడు. గుప్పుమని తెల్లపొగ లేచింది, పిల్లలు ముక్కులు మూసుకుని పరుగు. తగరం ముక్క అలా తాకించాడో లేదో కరిగిపోయింది (తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది). దూది ఉండతో గుండ్రంగా రాస్తుంటే నల్లటి అడుగు చూస్తుండగా వెండిలా తేలింది. చివరికి నీళ్లలో ముంచితే చుయ్యిమంది. ఎనభై దాటిన ఒక మామ్మగారు తన పెళ్లినాటి గిన్నెలో మొహం చూసుకుని "ఓలమ్మా, నేనే ముసిల్దాన్నయిపోనాను, ఇది కాదు" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం చారు దాంట్లోనే కాచారు.

మహిళా విభాగం వాళ్లు చాటల పని చేశారు. పాత నోటు పుస్తకాలు, పత్రికలు చించి రెండు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి మెత్తగా రుబ్బి, ఆ ముద్దని సందులు పడ్డ వెదురు చాటలకీ బుట్టలకీ రెండు వైపులా పట్టించారు. బాగా ఎండితే అట్టలా బిగుస్తుంది, నూకలు కారవు, మెంతి చేదుకి పురుగు దగ్గరికి రాదని పెద్దవాళ్ల మాట. మొదటి విడత పాడైంది. వానాకాలంలో చేసి ఆరబెట్టలేక బూజు పట్టించుకున్నాం. మాఘంలో చేసినవి బాగున్నాయి. అప్పుడే పాత నూలు చీరలతో బొంతలు కూడా కుట్టారు. నైలాను చీరలు మాత్రం తీసుకురాకండి, పొర మీద పొర జారిపోయి కుట్టు నిలవదు, చెమట పీల్చదు.

భోగి గొడవ గురించి రకరకాలుగా విన్నారు గనక జరిగింది రాస్తున్నాను. మన చిన్నప్పుడు భోగి ముందు రాత్రి దుంగలు, తలుపులు ఎత్తుకెళ్లి మంటల్లో వేసేవాళ్లం. ఈసారి మన కుర్రాళ్లు తిరగేశారు. మంట కోసం పోగేసిన కుప్పల్లోంచి టేకు కిటికీ రెక్క, రెండు పీటలు, ఉయ్యాల పలక తెల్లారకముందే ఎత్తుకొచ్చారు. పక్క వీధి వాళ్లు కేకలేశారు, న్యాయమే. అడిగి తీసుకోవాల్సింది. ఆ వీధికి వెళ్లి క్షమాపణ చెప్పాం. పీటలు ఆ వీధివాళ్లే మళ్లీ మనకి ఇచ్చేశారు. కానీ ఆ కుప్పలోనే టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా ఉన్నాయి. అవి తగలబెడితే వచ్చే నల్లపొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వచ్చే భోగికి కట్టెలూ పిడకలే వేద్దామని ఆ వీధి పెద్దలతో మాట తీసుకున్నాం.

పుస్తకాల సంగతి. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మన ఊరు దాంట్లో కలిసింది. మన పిల్లల బళ్లో చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతోంది, తెలుగు అక్షరాలు ఇంట్లో దిద్దాల్సిందే. అందుకే పాత కాగితాల కొట్టు ఆయనతో ఒప్పందం పెట్టుకున్నాం, తెలుగు అక్షరం కనిపిస్తే పక్కన పెట్టమని. ఆయనకి తెలుగు చదవడం రాదు. ఒకసారి కన్నడ పంచాంగం కూడా పక్కన పెట్టాడు. తూకం ధరకే దొరికిన పాత వాచకాలు, బొమ్మల పుస్తకాలు అట్టలు వేసి కుట్టుకున్నాం. ఈ ఊరి బడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున, అంటే ఆగస్టు 29న, వాటినే బల్ల మీద పేర్చి పిల్లలకిచ్చాం. ఆ రోజు కొమ్ము పని చేసే కళాకారుడు ఒకాయన వచ్చి, గేదె కొమ్ము ముక్కని వేడి చేసి వంచి, కొంగ మెడ ఎలా తీస్తారో చూపించారు. పారేసే దాంట్లోంచి అందం తీయడం మన ఊరికి కొత్త కాదు, నేర్చుకునేవాళ్లే కరువు.

ఇకపై తీసుకోనివి: ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు (లోపల పాదరసం ఉంటుంది), ఇన్వర్టరు బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు, ఆస్‌బెస్టాస్ రేకులు, దెబ్బ తిన్న హెల్మెట్లు, వాడిన గ్యాసు పైపులు. బ్యాటరీ కొత్తది కొన్న కొట్లోనే పాతది ఇచ్చేయండి. రాగి కోసం వైర్లు కాల్చే పని మన పిల్లలెవరైనా చేస్తే చెవి మెలిపెట్టి చెప్పండి. ఆ పొగ విషం. వైరు ఒలిస్తే రాగి వస్తుంది, ఓపిక కావాలంతే.

శ్రీరామనవమి పానకం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాలకు విస్తరాకులే వాడాం. జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం. మరమ్మతుల హుండీలో చేరింది తక్కువే, విడిభాగాలకి సరిపోయింది. కళాయి కూలి ఎవరి గిన్నెకి వాళ్లే ఇచ్చుకున్నారు. చందా బకాయిలున్నవారు సర్వసభ్య సమావేశం నాటికి కట్టగలరు. కొత్త కార్యవర్గం ఎన్నిక ఆ రోజే. మరమ్మతుల బల్ల దగ్గర కూర్చోవడానికి కుట్టుపని తెలిసినవాళ్లు ఒకరిద్దరు కావాలి.

చిన్నగది ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటోంది. ఎలక కూడా ఖాళీ చేసింది. ఆ సైకిలు హ్యాండిలు మాత్రం ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. మీదైతే వచ్చి తీసుకెళ్లండి, తాళం నా దగ్గరే ఉంది.

మీ కార్యదర్శి