విక్ ఆఫీసు వాళ్ళకు, మా అక్కకు నా కృతజ్ఞతలు

పోయిన వారం మా విక్ ఆఫీసుకు (తల్లులకూ చిన్నపిల్లలకూ పౌష్టికాహారం ఇచ్చే ఇక్కడి అమెరికా ప్రభుత్వ పథకం) ఫోన్ చేసి, మా ఆయనకు ఉద్యోగం వచ్చింది, ఇక మాకు సాయం అక్కర్లేదని చెప్పాను. బాబుకు ఈ జూలైలోనే రెండేళ్ళు నిండాయి. ఫోన్ తీసినావిడ "చాలా సంతోషం. ఎప్పుడైనా మళ్ళీ అవసరం పడితే మొహమాటపడకుండా రండి" అంది. ఫోన్ పెట్టేశాక ఏడుపు ఆగలేదు. రెండేళ్ళకు పైగా నన్నూ నా బిడ్డనూ చూసుకున్న మనుషులకు నేను ఒక్కసారి కూడా సరిగ్గా థ్యాంక్స్ చెప్పలేదు. వాళ్ళకు తెలుగు రాదు. అయినా నా మనసులో మాట నా భాషలో చెబితేనే నాకు తృప్తి.

2023 ఫిబ్రవరిలో నాకు నాలుగో నెల. మా ఆయన ఇక్కడ అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నారు. నాది ఎఫ్-2 వీసా, అంటే ఇక్కడ చదువుకునేవాళ్ళ భార్యకు ఇచ్చేది, దాని మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. స్టైపెండ్‌లో అద్దె, ఇన్సూరెన్సు పోగా మిగిలేది చాలా తక్కువ. అన్నానికీ పచ్చడికీ లోటు లేదు కానీ పాలు, పళ్ళు, గుడ్లు మాత్రం లెక్క చూసుకుని కొనేవాళ్ళం. అమ్మ ఫోన్ చేసి "ఇవాళ ఏం తిన్నావే" అంటే తిననివి కూడా కలిపి చెప్పేదాన్ని.

మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే ఒక తెలుగు అక్క అప్పుడు విక్ సంగతి చెప్పింది. విమెన్, ఇన్‌ఫాంట్స్ అండ్ చిల్డ్రన్ అని పూర్తి పేరు. ఆదాయం తక్కువున్న ఇళ్ళలో గర్భిణులకు, బాలింతలకు, ఐదేళ్ళ లోపు పిల్లలకు పౌష్టికాహారం ఇచ్చే ప్రభుత్వ పథకం. నాకు ఆ మాట వినగానే మనసు చివుక్కుమంది. ఒకరి ముందు చెయ్యి చాచడానికా ఇంత దూరం వచ్చాం అనిపించింది. పైగా వీసాకు ఏమైనా అడ్డం వస్తుందేమోనని టెన్షన్. రెండు నెలలు వెళ్ళనేలేదు. కడుపులో బిడ్డకు దక్కాల్సిన రెండు నెలల తిండి అది, ఇప్పుడు తలుచుకున్నా బాధేస్తుంది.

అక్క వదల్లేదు. ఏప్రిల్‌లో నాతోనే ఫోన్ చేయించి అపాయింట్‌మెంట్ తీసుకుని, తనే కారులో తీసుకెళ్ళింది.

ఆఫీసులో మొదట మా ఆదాయం చూశారు. కేంద్ర ప్రభుత్వం పెట్టిన పేదరిక పరిమితికి 185 శాతం దాటకూడదు. ఇంట్లో ఎంతమంది అంటే ఇద్దరం అన్నాను. వివరాలు రాసుకుంటున్న ఆవిడ నవ్వి, ముగ్గురు అని రాసుకుంది. కడుపులో బిడ్డను కూడా ఒక మనిషిగానే లెక్కేస్తారట. మేం ముగ్గురమని ఒక కాగితం మీద చూడటం అదే మొదటిసారి. వీసా భయం గురించి అడిగితే, 2022 నాటి ఫెడరల్ నియమం ప్రకారం విక్ తీసుకోవడాన్ని పబ్లిక్ చార్జ్ (అంటే ప్రభుత్వం మీద ఆధారపడి బతికే మనిషి) కింద లెక్కలోకి తీసుకోరని ఓపిగ్గా చెప్పింది. (ఇమిగ్రేషన్ నియమాలు మారుతుంటాయి. మీ సంగతి ఒకసారి లాయర్ని అడిగి చూసుకోండి.)

తర్వాత వేలి మీద చిన్నగా గుచ్చి రక్తం చూశారు. హిమోగ్లోబిన్ 10.1. ఆ నెలల్లో కనీసం 10.5 ఉండాలి. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను కదా, మరి ఎందుకు పెరగలేదు? అక్కడి న్యూట్రిషనిస్ట్ నా రోజంతా అడిగి తెలుసుకుంది. పొద్దున్న మాత్ర, దాని వెంటే టీ. అదీ నేను చేస్తున్న పొరపాటు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదని, మాత్ర నారింజ రసంతో వేసుకోమని, టీ ఒక గంటన్నర ఆగి తాగమని చెప్పింది. తాగొద్దని మాత్రం అనలేదు. అరగంట సేపు నా తిండి గురించి అంత శ్రద్ధగా అడిగిన మనిషి, అమ్మ తర్వాత ఆవిడే. తొమ్మిదో నెలకు హిమోగ్లోబిన్ 11.4కు వచ్చింది.

ఈ పథకం పుట్టుక గురించి తర్వాత చదివాను. 1960ల చివర్లో పేదల క్లినిక్‌లలో పనిచేసే డాక్టర్లు, గర్భిణులకు వస్తున్న జబ్బుల్లో చాలా వాటికి కారణం తిండి చాలకపోవడమేనని గమనించారట. 1972లో సెనేటర్ హ్యూబర్ట్ హంఫ్రీ చొరవతో ప్రయోగంగా మొదలుపెట్టడానికి చట్టం వచ్చింది. 1974 జనవరిలో కెంటకీలోని పైన్‌విల్‌లో మొదటి కేంద్రం తెరిచారు, 1975లో శాశ్వత పథకం చేశారు. డాక్టర్లు మందు రాసినట్టు తిండి రాసిచ్చే పథకం ఇది. నేను దీన్ని బిచ్చం అనుకున్నాను. నేను చేరిన ఏడాది నెలకు సగటున 66 లక్షల మంది ఇందులో ఉన్నారు.

విక్ వాళ్ళు ఇచ్చిన కార్డులో పాలు, గుడ్లు, సీరియల్, బీన్స్, పీనట్ బటర్, ఇంకా పళ్ళకూ కూరగాయలకూ అప్పట్లో నెలకు 44 డాలర్లు ఉండేవి. బీన్స్ బదులు లెంటిల్స్ తీసుకోవచ్చని తెలిసిన రోజు ఇంటికొచ్చి పాలకూర పప్పు చేసుకుని కడుపునిండా తిన్నాను. ఏ సైజు, ఏ రకం తీసుకోవాలో మొదట్లో అర్థమయ్యేది కాదు. ఒకసారి బిల్లింగ్ దగ్గర నేను తెచ్చిన బ్రెడ్ కార్డు మీద రాలేదు, వెనక పెద్ద క్యూ. కౌంటర్లో ఉన్న అమ్మాయి తనే పరుగున వెళ్ళి సరైన బ్రెడ్ తెచ్చిచ్చింది. వెనక నిలబడ్డ పెద్దావిడ నా కడుపు చూసి, తొందరేం లేదమ్మా అన్నట్టు భుజం మీద చెయ్యి వేసింది. ఆ ఇద్దరికీ కూడా నా దండాలు.

అన్నిటికంటే ఎక్కువ రుణపడింది పాలివ్వడం నేర్పిన పీర్ కౌన్సెలర్‌కు. ఆవిడ నర్సు కాదు, ఒకప్పుడు విక్‌లోనే ఉండి తన పిల్లలకు పాలిచ్చిన తల్లి. బాబు పుట్టిన ఐదో రోజున బరువు తగ్గాడు, నాకు ఒకటే నొప్పి, పక్కన అమ్మ లేదు. రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పెడితే వీడియో కాల్ చేసింది. బాబు చనుమొన చివర మాత్రమే పట్టుకుంటున్నాడని చూసి, వాణ్ణి ఎలా ఎత్తుకోవాలో, నోరు పెద్దగా తెరిచేదాకా ఎలా ఆగాలో దిండు పట్టుకుని చూపించింది. నలభై నిమిషాలు నాతోనే ఉంది. మర్నాడు ఆఫీసు నుంచి బ్రెస్ట్ పంపు ఇప్పించింది. రెండు వారాలకు వాడు పుట్టిన బరువు దాటాడు. ఆ రోజు ఫోన్‌లో ఆవిడ కూడా నాతోపాటు ఏడ్చింది.

ఎవరైనా చెల్లెళ్ళు నాలాగే వెళ్ళాలా వద్దా అని ఆగిపోయి ఉంటే, పాస్‌పోర్టు, అద్దె అగ్రిమెంటు, స్టైపెండ్ లెటర్ తీసుకుని వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళాలంటే భయంగా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఫోన్‌లో మీతోనే ఉంటాను.

అక్కా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. ఆ రోజు కారులో కోపంతో నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు నేను. నువ్వు మాత్రం తిరిగొచ్చేటప్పుడు కూడా ఏమీ అనకుండా, నా ఒళ్ళో ఉన్న కాగితాలన్నీ ఒక కవర్లో సర్ది పెట్టావు. ఆ కవరు ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చే నెల బాబును తీసుకుని మీ ఇంటికి వస్తున్నాం.