తలకట్టూ, వాసెనగుడ్డా

హైదరాబాదు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ తమ్ముడు ఏలూరులో పెట్టబోయే మిఠాయి దుకాణానికి పేరక్షరాలూ గుర్తూ నేనే గీయాలని నువ్వు కోరడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. అయితే, "ఒక్క లోగోకు నెలన్నర ఎందుకురా, వారంలో కాదా?" అని కూడా అడిగావు. దీనికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పవచ్చు. కానీ ఇన్నేళ్ళ స్నేహంలో నా పని గురించి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు కనుక ఈ ఆదివారం తీరికగా కూర్చుని రాస్తున్నాను.

నిరుడు వేసవికి ముందు గుంటూరు దగ్గర పల్లె నుంచి ఒక పెద్దావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. చాలా ఏళ్ళుగా ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి తెలిసినవాళ్ళకు అమ్ముతున్న ఆవిడ, ఇక ఒక పేరు పెట్టి, ప్యాకెట్లు చేసి, ఊళ్ళలోని దుకాణాలకు వెయ్యాలని నిశ్చయించుకున్నారు. పేరు 'ప' అక్షరంతో మొదలవుతుంది. నేను నా అలవాటు ప్రకారం ముందు ఇంగ్లీషు అక్షరాలను సన్నగా, అందంగా తీర్చి, వాటి కింద తెలుగు పేరును సిద్ధంగా ఉన్న ఒక ఫాంటులో చిన్నగా పెట్టి, మూడు నమూనాలు చూపించాను. ఆవిడ వాటిని చాలాసేపు చూసి, "బాగానే ఉన్నాయి బాబూ, కానీ మా వీధిలో వాళ్ళు చూస్తే ఇదేదో మందుల కంపెనీ అనుకుంటారు" అన్నారు. ఆ మాట నన్ను రెండు రోజులు బాధించింది. మూడో రోజున అందులోని న్యాయం అర్థమైంది. ఆవిడ పచ్చడి పెట్టగా నేను చూడనేలేదు; చూడని పనికి ముఖం గీశాను.

అందుకే ఆవకాయ రోజుల్లో వాళ్ళ ఊరు వెళ్ళాను. పెరట్లో కాయలు కొట్టే చప్పుడు, వాకిట్లో ఆవపిండి ఘాటు, నూనె చేతులతో ఇద్దరు కోడళ్ళు. ఆవిడ ముక్కలను జాడీకెత్తి, మూతి మీద తెల్లని గుడ్డ పరిచి, తాడుతో బిగించి వాసెన కట్టారు. "మూడో నాడు తిరగ కలిపేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అని కోడళ్ళకు చెప్పారు. నేను గోడకు ఆనుకుని నోటు పుస్తకంలో 'ప' అక్షరాన్ని పదే పదే రాస్తున్నాను. నువ్వు ఒకసారి ఆ అక్షరాన్ని పెద్దగా రాసి చూడు. 'క'లోనూ 'గ'లోనూ తలకట్టు అక్షరపు ఒంటికి అంటుకుని ఉంటుంది. 'ప'లో, 'స'లో, 'హ'లో మాత్రం తగలకుండా పైన విడిగా నిలుస్తుంది. కింద నోరు తెరిచిన పాత్ర, పైన దాని కప్పు! ఎదురుగా ఉన్న జాడీకీ, చేతిలోని అక్షరానికీ తేడా లేదనిపించింది. వాసెనగుడ్డ కొసలు రెండూ ఎలా లేచి ఉన్నాయో తలకట్టు కొసలను అలాగే లేపి గీశాను. కాగితం చూపిస్తే ఆవిడ ఏమీ అనలేదు, పెద్ద కోడలిని పిలిచి చూపించారు. ఆ అమ్మాయి "మన జాడీ!" అంది. నాకు అంతకు మించిన ఆమోదం అక్కరలేకపోయింది.

ఆనాటి నుంచి నేను తెలుగు పేరును ముందు గీసి, ఇంగ్లీషును దాని వెంట నడిపిస్తున్నాను. ఇది భాషాభిమానం ఒక్కటే కాదు, పనిలో అవసరం కూడా. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే ఎత్తులో వరుసగా నిలబడతాయి. మన అక్షరానికి పైన గుళ్ళూ, కింద వత్తులూ ఉంటాయి. 'శ్రీలక్ష్మీ' అని రాస్తే గుడిదీర్ఘాలు పైకీ, క్రావడీ షవత్తూ మవత్తూ కిందికీ పోయి, బోర్డు ఎత్తులో అసలు అక్షరానికి సగం కూడా మిగలదు. ఇంగ్లీషుకు కొలిచిన చోటులో తెలుగును ఇరికిస్తే అది రోడ్డు అవతలి నుంచి చీమల బారులా కనబడుతుంది. తప్పు మన లిపిది కాదు, కొలత తీసుకున్నవాడిది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వారు ఉచితంగా ఇచ్చిన రామభద్ర, మల్లన్న, ధూర్జటి వంటి ఫాంట్లు నాకు ఎన్నోసార్లు ఆసరా అయ్యాయి, వారికి ఎప్పుడూ రుణపడి ఉంటాను. అయినా పేరక్షరాలను మాత్రం చేత్తోనే గీస్తాను, ఎందుకంటే ఒకే ఫాంటు పక్కపక్కనే ఉన్న రెండు దుకాణాల మీద కనబడితే ఇద్దరికీ ముఖం లేనట్టే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. డిజైన్ సాఫ్ట్‌వేరులో భారతీయ లిపుల అమరికను ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి, 'లక్ష్మి' కాస్తా 'లక్‌ష్‌మి' అయిపోతుంది. అలా విరిగిన పేరుతోనే అచ్చయిన ఫ్లెక్సీని నేను కళ్ళారా చూశాను, ఆ యజమాని ముఖమూ చూశాను.

పచ్చళ్ళ కథ అక్కడితో ముగియలేదు. పారదర్శకమైన ప్యాకెట్ మీద మిరప ఎరుపులో గుర్తు వేయించాను. పచ్చడి నింపగానే ఎరుపులో ఎరుపు కలిసి గుర్తు మాయమైంది! రంగు కింద తెల్లని పూత వేయించాలన్న సంగతి తెర మీద చూసి పని చేసే నాకు తట్టలేదు. అచ్చు వేసేవాళ్ళు రెండో దఫా వేయడానికి పది రోజులు తీసుకున్నారు, ఆ ఖర్చు నేనే భరించాను. వెనక వైపు శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు, ధర, తేదీ, బరువు అన్నిటికీ చోటు చూడాలి. ఇవి అందానికి అడ్డం అని ఒకప్పుడు విసుక్కునేవాడిని. కొనేవాళ్ళు మొదట చదివేది వాటినే అని దుకాణంలో నిలబడి చూశాక ఆ విసుగు పోయింది.

డబ్బు గురించి కూడా చెప్పాలి. "బూట్ల కంపెనీ నైకీ గుర్తును ఒక విద్యార్థిని 35 డాలర్లకే గీసిందట" అని ఏడాదికి ఇద్దరైనా నాతో అంటారు. నిజమే, కరోలిన్ డేవిడ్‌సన్ 1971లో ఆ గుర్తు గీశారు. కానీ 1983లో ఆ కంపెనీయే ఆవిడను పిలిచి వాటాలు ఇచ్చి గౌరవించింది. ఆ రెండో సగాన్ని కూడా చెబుతాను, అడిగినవాళ్ళు సాధారణంగా మౌనంగా ఉండిపోతారు. మూడేళ్ళ క్రితం ఒక స్థలాల వ్యాపారి నా చిత్తు నమూనాను ఫోనులో ఫోటో తీసుకుని, పైసా ఇవ్వకుండా ఊరంతా హోర్డింగులు వేయించుకున్నాడు. మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కును రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే అది చెల్లుతుంది. అది తెలిసినా కోర్టుకు వెళ్ళే ఓపిక నాకు లేకపోయింది. అప్పటి నుంచి సగం సొమ్ము ముందుగా తీసుకుంటున్నాను, కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నాను. మీ తమ్ముడి దగ్గర కూడా ఇదే పద్ధతి పాటిస్తాను, నొచ్చుకోవద్దని నువ్వే చెప్పు.

పేరు ఖాయం చేసేముందు, అది ఇంకెవరిదైనా అయి ఉందేమో ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీలో, అంటే వ్యాపార పేర్లనూ గుర్తులనూ నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయంలో, వెతికించడం మరిచిపోవద్దు. అక్కడ సరుకులను తరగతులుగా విడదీస్తారు; పచ్చళ్ళు 29వ తరగతిలోకి వస్తాయి, మిఠాయిలు సాధారణంగా 30వ తరగతిలోకి. వ్యక్తిగతంగా ఆన్‌లైనులో దరఖాస్తు చేస్తే ఒక తరగతికి రుసుము 4500 రూపాయలు. నమోదైతే పదేళ్ళు ఉంటుంది, తరవాత పొడిగించుకోవచ్చు. నమోదు కాకముందే, నమోదైందని తెలిపే వృత్తంలోని ఆర్ గుర్తు (®) వేయడం నేరం, కనుక అచ్చువాళ్ళు వేస్తామన్నా వద్దనమను.

ఇప్పుడు మీ తమ్ముడు మూడు పనులు చేయాలి. దుకాణం ముందు భాగాన్ని రోడ్డు అవతలి నుంచి మిట్టమధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి ఫోటో తీసి పంపమను. బోర్డు పట్టే చోటు పొడవూ ఎత్తూ టేపుతో కొలిచి రాయమను. పాకం పట్టే రోజు ఏదో చెప్పమను, నేను ముందు రోజు రాత్రి బండికే బయలుదేరి వస్తాను. నువ్వు కూడా వస్తే మనం చూసుకుని ఎన్నాళ్ళయిందో గుర్తుచేసుకోవచ్చు.

నీ
స్నేహితుడు